ఒమన్‌లో సరీసృప, ఉభయచర శాస్త్రం

పాములు, బల్లులు, తాబేళ్లు, కప్పలను కలిపి అధ్యయనం చేసే శాస్త్రాన్ని హెర్పటాలజీ అంటారు. ఒమన్‌లో దీనికి పునాది వేసినవారు ఆచార్యులు కారు. ఓడల్లో తిరిగిన వైద్యులు, రాయబార కార్యాలయపు డాక్టర్లు, సైనికాధికారులు తీరిక వేళల్లో పట్టి, సీసాల్లో భద్రపరిచి లండన్‌కు పంపిన జీవులతోనే ఇది మొదలైంది.

అరేబియా దక్షిణ తీరాన్ని కొలిచిన పాలినూరస్ నౌకలో వైద్యుడు హెన్రీ జాన్ కార్టర్. ఆయన పేరుతో 1863లో జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే ఒక బల్లికి నామకరణం చేశారు. ఇప్పుడు దాన్ని ప్రిస్ట్యూరస్ కార్టరీ అంటున్నారు. ఈ ప్రజాతి బల్లులు మన ఇంటి గోడ బల్లుల్లా రాత్రి కాక పగలు తిరుగుతాయి, తోక ఆడిస్తూ ఒకదానికొకటి సైగలు చేసుకుంటాయి. మస్కట్ రాళ్ల మీద కనిపించే మరో ప్రిస్ట్యూరస్‌ను 1874లో ప్రకృతి శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ వర్ణించారు.

అసలు కథ ఆత్మారామ్ సదాశివ్ జయకర్‌ది (1844–1911). ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడైన ఆయన 1870ల నుంచి 1900 దాకా మస్కట్‌లోనే పనిచేశారు. ఆయన పంపిన సరీసృపాలు, ఉభయచరాల జాబితాను బ్రిటిష్ మ్యూజియంలోని బులాంజే 1887లో ప్రచురించారు. హజర్ కొండల వాగుల్లో తిరిగే పెద్ద బల్లికి అప్పుడే జయకర్ పేరు పెట్టారు. దాని ప్రజాతి ఇప్పుడు ఒమనోసారా; అది ఒమన్, యూఏఈ కొండల్లో తప్ప మరెక్కడా లేదు. మరుసటి ఏడాది మన రెండు తలల పాముకు చుట్టమైన ఇసుక పాముకూ ఆయన పేరే వచ్చింది. దాని కళ్లు నడినెత్తిన ఉంటాయి, ఒళ్లంతా ఇసుకలో దాచుకుని కళ్లు మాత్రం పైకి పెట్టి కాపు కాస్తుంది. కొండమేక తహర్‌కు, ఒక సముద్రగుర్రపు చేపకు కూడా జయకర్ పేరుంది. ఒమన్ అరబ్బీ యాసపైన రాసి, అద్-దమీరీ జంతుగ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఈ భారతీయుడు స్వదేశంలో ఇంత తక్కువమందికి తెలియడం విచిత్రమే.

తెలుగువారికి ఇక్కడ ప్యాట్రిక్ రసెల్ గుర్తురాక మానడు. అలెప్పోలో వైద్యం చేసిన ఆయన తర్వాత విశాఖపట్నం చేరి, కోరమాండల్ తీరపు పాములపై 1796లో గ్రంథం వెలువరించారు. రక్తపింజరి శాస్త్రీయ నామంలో ఆయన పేరే ఉంది. అరబ్బు నేల నుంచి ఆయన ఇటు వస్తే, శతాబ్దం దాటకముందే జయకర్ ఇటు నుంచి అటు వెళ్లారు.

సుల్తాను కొలువులో మంత్రిగా ఉండి, 1930–31లో రబ్ అల్ ఖాలీ ఎడారిని దాటిన బెర్‌ట్రమ్ థామస్ కూడా జీవులను సేకరించారు. ఒక ముళ్లతోక బల్లికి 1930లో జంతుశాస్త్రవేత్త పార్కర్ ఆయన పేరు పెట్టారు. ధోఫార్ కప్పను పార్కరే 1931లో వర్ణించారు. నీరు అరుదైన ఒమన్‌లో కప్పజాతులు ఎలాగూ తక్కువే.

1970లలో పద్ధతిగా సర్వేలు మొదలయ్యాయి. సరీసృప శాస్త్రవేత్త ఇ.ఎన్. ఆర్నాల్డ్, సైనికాధికారి మైకేల్ గాలఘర్ కలిసి ఉత్తర కొండల జీవులపై 1977లో వ్యాసం రాశారు. మస్కట్‌లో ప్రకృతి చరిత్ర మ్యూజియం 1985లో తెరుచుకుంది. అప్పటి నుంచి నమూనాలు చూడాలంటే లండన్ దాకా పోవాల్సిన అవసరం కొంతైనా తగ్గింది.

డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక లెక్కలు మారిపోయాయి. బార్సిలోనాకు చెందిన సాల్వడార్ కరంజా, ఆర్నాల్డ్ 2012లో హెమిడాక్టిలస్ బల్లుల్లో ఒకేసారి 8 కొత్త జాతులను ప్రకటించారు. మసీరా దీవి పేరున్న బల్లి వాటిలో ఒకటి. పైకి ఒకేలా కనిపించినవి జన్యువుల్లో వేరుగా తేలాయి. 2018లో కరంజా బృందం ఒమన్ నేల మీది పాములు, బల్లుల విస్తరణ పటాలను ప్రచురించింది.

సముద్ర తాబేళ్ల అధ్యయనం వేరే దారిలో నడిచింది. మసీరా తీరంలో ఏటా 30,000 దాకా లాగర్‌హెడ్ ఆడ తాబేళ్లు గుడ్లు పెడుతున్నాయని 1970ల చివర జరిగిన సర్వేలో అంచనా వేశారు. పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే రస్ అల్ హద్ తీరాన్ని 1996లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మసీరా లాగర్‌హెడ్‌లు మాత్రం తగ్గిపోయాయి. అవి చేరిన వాయవ్య హిందూ మహాసముద్రపు సమూహాన్ని 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది.