బొగ్గు అణువుకు రూపం ఇచ్చేదెలా?

రాయ్‌పూర్ నుంచి విజయనగరం వైపు సాగే రైలుమార్గంలో, రాయ్‌పూర్ దాటిన కొద్దిసేపటికే మందిర్ హసౌద్ స్టేషన్ వస్తుంది. 1931లో పూర్తయిన ఈ మార్గం మీదుగానే కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన ఎందరో తెలుగువారికి సొంతూరి దారి ఇదే. అవే పట్టాల మీద బొగ్గు రేకులు కూడా వెళుతుంటాయి. 58 వ్యాగన్ల రేకులో సుమారు 4,000 టన్నుల బొగ్గు పడుతుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేవారికి అదంతా ఒకే నల్లని పదార్థం. కానీ దాని రసాయన ఫార్ములా ఏమిటని అడిగితే నిపుణులు సైతం ఒక్క మాటలో జవాబు చెప్పలేరు. నీటికి, ఉప్పుకు ఉన్నట్టు బొగ్గుకు స్థిరమైన ఫార్ములా అంటూ లేదు.

కారణం దాని పుట్టుకలోనే ఉంది. కోట్ల సంవత్సరాల క్రితం చిత్తడి నేలల్లో పేరుకున్న కలప, బెరడు, ఆకులు, పుప్పొడి మట్టిపొరల కింద వేడికి, ఒత్తిడికి లోనై బొగ్గుగా మారాయి. కలప నుంచి వచ్చిన భాగం ఒక తీరు, పుప్పొడి నుంచి వచ్చినది మరొక తీరు, ముందే మాడిపోయిన చెట్టు నుంచి వచ్చినది ఇంకొక తీరు. పాలిథీన్‌లో మాదిరిగా ఒకే ముక్క మళ్లీ మళ్లీ కనిపించదు. కట్టె బొగ్గు నుంచి వేరుగా చూపడానికి మన పెద్దలు దీనిని రాక్షసి బొగ్గు అన్నారు. రసాయన నిర్మాణం సంగతి చూస్తే ఆ పేరు తగినదే అనిపిస్తుంది.

కనుక శాస్త్రజ్ఞులు గీసేది బొగ్గు ఛాయాచిత్రం కాదు. కొలతలన్నిటికీ సరిపోయే ఒక సగటు రూపం. ఆ పని ఎలా సాగుతుందో చూద్దాం. ముందుగా బొగ్గును పొడి చేసి, హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలతో అందులోని ఖనిజాలను కరిగించి తీసివేస్తారు. మిగిలిన సేంద్రియ భాగంలో ఏ మూలకం ఎంత ఉందో తూస్తారు. ఉదాహరణకు కర్బనం 80 శాతం, హైడ్రోజన్ 5, ఆక్సిజన్ 12, నత్రజని 2, గంధకం 1 శాతం ఉన్నాయనుకుందాం. వీటిని పరమాణు భారాలతో భాగిస్తే, ప్రతి 100 కర్బన పరమాణువులకు 75 హైడ్రోజన్లు, 11 ఆక్సిజన్లు, 2 నత్రజని పరమాణువులు వస్తాయి. గంధకం సగమే వస్తుంది! సగం పరమాణువు ఉండదు కాబట్టి, ఒక్క గంధకాన్ని చూపాలన్నా బొమ్మలో కనీసం 200 కర్బనాలు ఉండాలి. నమూనాలు కాలక్రమంలో పెద్దవి కావడానికి ఈ చిన్న లెక్క ఒక కారణం.

తరువాతి ప్రశ్న, ఆ కర్బనాలు ఎలా అమరి ఉన్నాయన్నది. ఇందుకు ఎన్ఎంఆర్ అనే పరీక్ష ఉపకరిస్తుంది. ఆసుపత్రుల్లోని ఎంఆర్ఐ యంత్రం కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. కర్బనాల్లో ఎన్ని బెంజీన్ వంటి వలయాల్లో ఉన్నాయో, ఎన్ని గొలుసుల్లో ఉన్నాయో ఇది చెబుతుంది. వలయాల గుంపులను కలిపే వంతెనలు ఎన్నో కూడా దీని ఆధారంగా అంచనా వేస్తారు. వలయాల పొరలు ఎంత పొడవున ఉన్నాయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపుతుంది. ఈ ఆధారాలతో ముక్కలను కంప్యూటర్‌లో కూర్చి, నమూనా సాంద్రత అసలు బొగ్గు సాంద్రతకు సరిపోతుందో లేదో పోల్చుతారు. సరిపోకపోతే మళ్లీ మొదటికి రావలసిందే. సరిపోయినా చిక్కే: అవే కొలతలకు సరితూగే వేరే అమరికలు అనేకం ఉంటాయి.

1960లో పీటర్ గివెన్ ప్రకటించిన నమూనాలో 102 కర్బనాలు, 78 హైడ్రోజన్లు, 10 ఆక్సిజన్లు, 2 నత్రజని పరమాణువులు ఉన్నాయి. అందులో గంధకం లేదు. పైన చెప్పుకున్న లెక్క ప్రకారం దానికి చోటు దొరకదు మరి. 1984లో జె.హెచ్. షిన్, బొగ్గును ద్రవంగా మార్చినప్పుడు వచ్చిన ఉత్పత్తుల నుంచి వెనక్కి లెక్కకట్టి 661 కర్బనాల నమూనా రూపొందించారు. అందులో ఆరు గంధకాలకు చోటు దొరికింది. 2012 నాటికి అమెరికాలోని ఇల్లినాయ్ బొగ్గుకు 50,000కు పైగా పరమాణువులతో కంప్యూటర్ నమూనా వచ్చింది. ఒకే పెద్ద అణువుగా కాక, చిన్నా పెద్దా కలిపి వందలాది అణువుల సమూహంగా దానిని కూర్చారు. బొగ్గు స్వభావానికి ఇదే దగ్గరి చిత్రమని చెప్పవచ్చు.

అయితే ఆ బొగ్గు మన బొగ్గు కాదు. ప్రపంచమంతా పోలికకు వాడే ఆర్గాన్ ప్రయోగశాల ప్రామాణిక నమూనాలు ఎనిమిదీ అమెరికా గనులవే. కోర్బా, సింగరేణి బొగ్గులు గోండ్వానా కాలానికి చెందినవి. వీటిలో గంధకం తక్కువ, ముందే మాడిన కలప భాగం ఎక్కువ. నీటి ప్రవాహం తెచ్చిన మన్ను బొగ్గులో సన్నగా కలిసిపోయి ఉంటుంది. అందువల్ల బూడిదా ఎక్కువే. రేకులో మూడో వంతు బూడిదే అనుకున్నా, మందిర్ హసౌద్ మీదుగా వెళ్లే 4,000 టన్నుల్లో 1,300 టన్నులకు పైగా మండని మన్నే ప్రయాణిస్తోందన్నమాట. నమూనా గీసేవారు మొదట ఆమ్లంతో కడిగివేసేది సరిగ్గా దీనినే. విద్యుత్ కేంద్రాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టే పదార్థం ఆ బొమ్మలో కనిపించదు.

అలాగని బొమ్మ వృథా కాదు. కేవలం మండించడానికైతే కేలరీల విలువ చాలు. మన దేశంలో విద్యుత్ కేంద్రాలకు వెళ్లే బొగ్గును జి-1 నుంచి జి-17 వరకు ఆ విలువ ప్రకారమే వర్గీకరిస్తారు. బొగ్గును వాయువుగానో, మిథనాల్‌గానో మార్చాలంటే మాత్రం వేడికి ఏ బంధం ముందు తెగుతుందో, తారు ఎంత వస్తుందో, మిగిలిన చార్ ఆవిరితో ఎంత వేగంగా చర్య జరుపుతుందో తెలియాలి. వలయాలను కలిపే బలహీనమైన వంతెనలు ముందుగా తెగుతాయి కాబట్టి, వాటి లెక్క ఇక్కడ పనికివస్తుంది.

ఇందులో తెలుగు నేలకు చేదు అనుభవం ఉంది. బొగ్గును వాయువుగా మార్చి యూరియా తయారుచేసే రామగుండం ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడింది. అక్కడే 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్త కర్మాగారం సహజవాయువుతో నడుస్తోంది. ఆ తరువాతి అడుగు 2022 జనవరిలో హైదరాబాద్‌లో పడింది. బూడిద అధికంగా ఉండే దేశీయ బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్రయోగాత్మక ప్లాంటును బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రంలో ప్రారంభించారు. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలన్నది కేంద్ర ప్రభుత్వ లక్ష్యం. ఇందుకోసం 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పావు టన్నుకూ ఆ 10 కోట్ల టన్నులకూ మధ్య ఉన్న దూరంలో, మన గనుల బొగ్గును కడగక ముందు, కడిగిన తరువాత కూడా విడివిడిగా కొలవవలసిన పని ఉంది.