మనవాళ్ల కబుర్లు – యాభై ఏళ్ల దారి

మన సంఘం ఎప్పుడు పెట్టారు, ఎవరెవరు అధ్యక్షులుగా చేశారు అన్నది కార్యదర్శి గారి ఫైల్లో భద్రంగా ఉంది. నేను టెలిఫోన్ల శాఖలో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి రాస్తాను. ఈ యాభై ఏళ్లలో మనలో ఒకరి కబురు ఇంకొకరికి ఎలా చేరింది, ఎవరిది చేరకుండా ఆగిపోయింది అన్నదే నా విషయం.

మొదట్లో కబుర్లన్నిటికీ కూడలి మన స్టాఫ్ రూమే. పైచదువులకి బెజవాడో గుంటూరో వెళ్లినవాళ్లు మాస్టారికి పదిహేను పైసల కార్డు రాసేవారు. కార్డులో దాపరికం ఏముంటుంది? పోస్టుమాను చదివి, దారిలో కిళ్లీకొట్టు దగ్గర చెప్పి, తర్వాత మాస్టారి చేతికిచ్చేవాడు. సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది అన్నవి కార్డు మీద. ఇంట్లో గొడవలు, అప్పులు మాత్రం ఇన్‌లాండు కవరులో. మన తెలుగు మాస్టారు ఆ ఉత్తరాలన్నీ ఇనప తీగకి గుచ్చి ఉంచారు. ఆయన పోయాక వాళ్లబ్బాయి ఆ తీగను మన సంఘానికి ఇచ్చారు.

ఆ తీగ చూస్తే పెళ్లిళ్లు, ఉద్యోగాలు, పిల్లలు పుట్టడం కనిపిస్తాయి. చావు ఒక్కటీ కనిపించదు. మనలో ఎవరూ పోలేదని కాదు. పైన ‘అశుభం’ అని రాసిన కార్డును గుమ్మం బయటే చదివి, చింపి పారేయడం మన ఆచారం. అందుకని మన చరిత్రలో శుభలేఖలు మిగిలాయి, అవి మిగల్లేదు.

1977 నవంబర్ 19 నాటి ఉప్పెన సంగతి మా బ్యాచ్‌కి పెద్దలు చెప్పగానే తెలుసు, అప్పటికి మేం పలకాబలపాల వయసువాళ్లం. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. స్తంభాలు కూలి, తంతి తీగలు తెగి, రోడ్లు మూసుకుపోయాయి. హైదరాబాదులో, మద్రాసులో ఉన్న మన పాతవాళ్లకి రేడియోలో పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ల పేర్లు వినిపించాయి గానీ మనుషుల పేర్లు ఎవరు చెబుతారు? దివిసీమ నుంచి వచ్చి మన హాస్టల్లో చదువుకున్న పిల్లల కబురు, అటు నుంచి మనిషి నడిచి వస్తేనే తెలిసేది. ఆ ఏళ్ల రిజిస్టరు పేజీల్లో పేరుండి ఎదురుగా ఇంకేమీ లేనివాళ్లు కొందరున్నారు. వాళ్లు ఎటు వెళ్లారని రాసిపెట్టినవాళ్లు లేరు.

ఇక ఫోన్ల సంగతి. ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసులో కూర్చోవడం మీలో చాలామందికి గుర్తే. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు రకాలు. లైట్నింగ్ అంటే జేబుకి పిడుగే! 1984లో సీ-డాట్ పెట్టాక, 128 లైన్ల చిన్న ఎక్స్‌ఛేంజీ తయారైంది. ఏసీ గది అక్కర్లేకుండా మన ఎండల్లోనూ పనిచెయ్యడం దాని గొప్పతనం. చిన్న ఊళ్లకి ఫోను దగ్గర చేసింది అదేనని నా అభిప్రాయం, మా శాఖవాళ్లు కొందరు ఒప్పుకోకపోవచ్చు. తర్వాత ఎస్టీడీ బూత్‌లొచ్చాయి. రాత్రి రేటు తగ్గేదాకా ఆగి, మీటరు మీద కళ్లుపెట్టి మాట్లాడేవాళ్లం. అమెరికా వెళ్లినవాళ్ల ఈమెయిళ్లు, యాహూ గ్రూపు తర్వాతి మాట. ఆ గ్రూపుల్ని 2020 డిసెంబర్‌లో మూసేశారు, మనం దాచుకోని ఫొటోలు అంతకుముందే పోయాయి. ఇనప తీగకి గుచ్చిన కార్డులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

సాధనాలు ఎన్ని మారినా రెండు రకాల కబుర్లు అందలేదు. మొదటిది ఆడపిల్లలవి. రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరుంటుంది, పెళ్లితో అది మారిపోయింది. ఆ పేరుతో పంపిన ఆహ్వానాలు తిరిగొచ్చాయి. ‘ప్రస్తుత హోదా’ అన్న గడి మగవాళ్లకి నిండింది, వాళ్లకి ఖాళీగానో ‘గృహిణి’ అనో ఉంది. వాట్సాప్ వచ్చాక అన్నదమ్ముల ద్వారానో పిల్లల ద్వారానో ఒక్కొక్కరే దొరికారు. మా క్లాసులో లెక్కల్లో ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయి మన బడికి రెండు వీధుల అవతలే అంగన్‌వాడీ టీచరుగా ఇన్నేళ్లూ పనిచేస్తోందట. ఆవిడ చిరునామా కోసం మనం హైదరాబాదంతా వాకబు చేశాం!

రెండోది ఓడిపోయినవాళ్లవి. 1994–95లో తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యల చెరువులు ఖాళీ అయినప్పుడు పొలాలు తాకట్టు పెట్టినవాళ్లు మనలో ఉన్నారు. ఆ తర్వాత సభలకి రావడం మానేశారు. ప్రమోషన్ వస్తే సంచికలో వేశాం, చెరువు పోతే ఎవరు వేస్తారు? వాళ్లు చెప్పలేదనడం తేలిక. మనం ఆ గడి పెట్టలేదు.

2021 వేసవిలో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, మన గ్రూపు తెరవాలంటేనే భయమేసేది. ఒకే వారంలో ఇద్దరు గురువుల కబురొచ్చింది. ఎవరూ చింపెయ్యలేదు గానీ, మర్నాటికి గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడి అవీ కనిపించకుండా పోయాయి. పోయినవాళ్ల తేదీలు అడిగితే ఇప్పుడు ఫోన్లు తిరగెయ్యాల్సిందే.

అందుకే ఈ స్వర్ణోత్సవానికి కొత్త రిజిస్టరు కట్టించాం, కాగితంతోనే. సభ రెండు రోజులూ లైబ్రరీ గదిలో బల్ల మీద ఉంటుంది. ఇంటిపేరు మారినవాళ్లు రెండూ రాయండి. ‘హోదా’ గడి తీసేసి ‘ఏం చేస్తున్నారు’ అని పెట్టాం. చివర్లో కొన్ని పేజీలు పోయినవాళ్ల కోసం ఉన్నాయి. 1977 పేజీల్లోని పేర్లు తెలిసిన పెద్దలు ఎవరైనా వస్తే, ముందు వాళ్లని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి.