బంగారం లండన్‌కి, దుమ్ము మనకి (అభివృద్ధి ఎవరి లెక్క? – 6వ భాగం)

కేజీఎఫ్ అనగానే ఇప్పటి పిల్లలకి 2018లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. అసలు కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనులు, మన కుప్పం పక్కనే ఉన్నాయి. విదేశీ పెట్టుబడి వస్తే ఏం జరుగుతుందో 120 ఏళ్ల పాటు నడిచి చూపించిన చోటు అది. "ఇన్ని వేల కోట్ల పెట్టుబడులు, ఇన్ని ఎంఓయూలు" అని పేపర్లో చదివినప్పుడల్లా నా ఆలోచన అక్కడికే పోతుంది.

ఆ మట్టిలో బంగారం ఉందని కనిపెట్టింది ఏ కంపెనీ కాదు. 1802లో జాన్ వారెన్ అనే బ్రిటిష్ అధికారి వచ్చేసరికే ఊరి జనం మట్టి కడిగి బంగారం తీస్తున్నారు. 1875లో లవెల్ అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకాల హక్కు సంపాదించాడు. అది చేతులు మారి 1880లో లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికి వచ్చింది. వాటాలు అమ్మింది లండన్‌లో, లాభాలు పంచింది లండన్‌లో. మైసూరుకి మొదట్లో దక్కిన రాయల్టీ నూటికి 5.

మరి గనిలోకి దిగింది ఎవరు? ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చిన కూలీలు. చిత్తూరు కూడా 1911 దాకా ఉత్తర ఆర్కాటులో భాగమే. వాళ్లలో ఎక్కువమంది పరయర్లు, తమిళ దళితులు. 1876–78 నాటి మహా కరువులో ఊళ్లకి ఊళ్లే ఎండిపోయిన ప్రాంతాలవి. గనిలో పై ఉద్యోగాలు యూరోపియన్లకి, ఆ తర్వాతవి ఆంగ్లో-ఇండియన్లకి, కాపలా పని పంజాబీలకి, అడుగున చీకటి మనవాళ్లకి. ఊళ్లో అడ్డంగా ఉన్న వెలివాడ గనిలో నిలువుగా లోతుకి దిగింది. పెట్టుబడి కులాన్ని చెరిపెయ్యలేదు, జీతాల పట్టికలో రాసుకుంది.

"గ్రోత్" రాలేదా అంటే, వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల లైను వేసి గనులకి కరెంటు ఇచ్చారు. బెంగళూరుకి కరెంటు వచ్చింది ఆ తర్వాత, 1905లో. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ విద్యుత్ కేంద్రం కట్టింది మైసూరు రాజ్యం. ఆ కరెంటు అమ్మి రాజ్యం కూడా సంపాదించింది, నిజమే. కానీ ప్రైవేటు కంపెనీ లాభం కోసం ముందుగా ప్రజల డబ్బుతో సౌకర్యాలు కల్పించే పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు.

మొత్తం మీద ఆ నేల నుంచి సుమారు 800 టన్నుల బంగారం తీశారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. ఆ లోతులో రాయి మండుతూ ఉంటుంది, ఒత్తిడికి ఉన్నట్టుండి పేలుతుంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి మనిషిని చంపుతుంది. ఆ సిలికోసిస్ జబ్బుకి పరిహారం నిబంధనలు వచ్చింది 1940లో, అంటే గనులు మొదలైన 60 ఏళ్లకి. బయటికొచ్చే ప్రతి కూలీనీ బంగారం దొంగలా వెతికేవాళ్లు. 1930లో వేలిముద్రలతో రిజిస్టర్ చెయ్యబోతే వేలమంది పని ఆపేశారు.

అయితే ఆ పెట్టుబడి వల్ల మనకి ఏమీ రాలేదా? ఇది నిజాయితీగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న. వచ్చింది. ఊళ్లో దొర దగ్గర పాలేరుకి దొరకనిది ఒకటి గనిలో దొరికింది: చేతిలో పడే నగదు కూలి. దొర దయ మీద బతకక్కర్లేని ఆ కాస్త చోటులో మనవాళ్లు ఏం చేశారో చూడండి. 1907లో మారికుప్పంలో అయోతీదాస్ పండితర్ బౌద్ధ సంఘం శాఖ మొదలైంది. 1914లో ఆయన పోయాక ఆగిపోయిన "తమిళన్" పత్రికని 1926లో మళ్లీ కేజీఎఫ్ నుంచే నడిపారు. పగలంతా రాళ్లు కొట్టిన చేతులు రాత్రి పత్రిక పట్టుకున్నాయి. పెట్టుబడి సందు మాత్రమే తెరిచింది. దాన్ని దారిగా మార్చుకుంది మనవాళ్లు. ఈ రెండిటి తేడా తెలియకపోతే కంపెనీకి దండం పెడతాం, మన పెద్దల్ని మర్చిపోతాం.

1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని జాతీయం చేసింది. అప్పటికే మేలైన ఖనిజం చాలావరకు అయిపోయింది. మిగిలింది లోతు, ఖర్చు, జబ్బు. తర్వాత కేంద్రం తీసుకుంది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. తరాలుగా ఉన్న ఇళ్ల మీద హక్కు కోసం కార్మికులు మళ్లీ పోరాడాల్సి వచ్చింది. గుట్టలుగా పోసిన సైనైడ్ మట్టి మాత్రం అక్కడే ఉంది. గాలి వీస్తే ఇళ్లల్లోకి వస్తుంది. ఆ గుట్ట ఏ వాటాదారు లెక్కలోనూ లేదు.

ఇప్పుడు మారికుప్పం నుంచి తెల్లవారుజామునే బెంగళూరు రైలు కదులుతుంది. గని కార్మికుల పిల్లలు, మనవలు అందులో కిక్కిరిసి పోతారు, విదేశీ పెట్టుబడికి పేరుమోసిన ఆ నగరంలో కాపలా కాయడానికి, ఊడవడానికి. తాతకి కరెంటు ముందొచ్చిన ఊరు అది. మనవడికి పని కోసం కరెంటు వెనకొచ్చిన ఊరికి పోవాల్సి వస్తోంది.

అందుకే విద్యార్థి మిత్రులకి నేను చెప్పేది, పెట్టుబడి వద్దనే నినాదంతో ఆగిపోవద్దు. ప్రతి ఒప్పందం ముందూ నాలుగు ప్రశ్నలు పెట్టండి. భూమి ఎవరిది, అసైన్డ్ భూమైతే పట్టాదారుకి ఏం దక్కుతుంది? ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు కాబట్టి పర్మనెంట్ ఎవరు, కాంట్రాక్టు ఎవరు? నీళ్లు, కరెంటు, రోడ్డు ఎవరి డబ్బుతో? కంపెనీ వెళ్లిపోయాక ఆ గుట్ట ఎత్తేది ఎవరు? జీడీపీ అంకెలో ఈ నాలుగూ కనపడవు. కేజీఎఫ్‌లో ఎవరూ ముందుగా అడగలేదు, అడిగే హక్కు మనవాళ్లకి లేదు కాబట్టి. ఇప్పుడు మనకి రాజ్యాంగం ఉంది, ఓటు ఉంది, సమాచార హక్కు ఉంది.

వచ్చే భాగంలో సెజ్‌లు, 1977 అసైన్డ్ భూముల చట్టం గురించి.

జై భీమ్.