పైడితల్లి: ఒక మూలరూపం పుట్టుపూర్వోత్తరాలు

మూలరూపం అంటే మనిషి మనసు అడుగున ఉండి, కలల్లోనూ కథల్లోనూ కొలుపుల్లోనూ మళ్లీ మళ్లీ పైకి తేలే ఆకృతి. ఆర్కిటైప్ అనే మాటను ఈ అర్థంలో 1919 నుంచి వాడినవాడు స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ గుస్తావ్ యూంగ్. తెలివికి అందని ఆ అడుగుపొర ఏ ఒక్కరి సొంతమూ కాదని, మనుషులందరికీ ఉమ్మడి అని ఆయన సిద్ధాంతం. దానికి సామూహిక అచేతనం అని పేరు పెట్టాడు.

మూలరూపానికి ఆకారమే తప్ప సరుకు ఉండదు. యూంగ్ దాన్ని స్ఫటికం లోపలి అమరికతో పోల్చాడు. శ్రీకాకుళం జిల్లా నౌపడా మడుల్లోనైనా మరో సముద్రతీరాన అయినా ఉప్పు రాయి ఘనాకారంలోనే పేరుకుంటుంది. నీళ్లు మాత్రం ఆ చోటివే. అలాగే తల్లి అనే రూపం అంతటా ఉన్నా, ఆమె పేరు, కథ, కన్నీళ్లు ఆ ఊరివే.

విజయనగరంలో ఆ తల్లి పైడితల్లి. 1757 జనవరి 24న విజయనగరంతో జరిగిన యుద్ధంలో బొబ్బిలి కోట కూలింది. తరువాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో చొరబడి విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజును చంపాడు. రాజు చెల్లెలు పైడిమాంబ అన్నకు రానున్న ఆపదను ముందే పసిగట్టిందని, ఆయన చనిపోయాడని తెలిసి పెద్దచెరువులో లీనమైందని ఐతిహ్యం. ఆమె పతివాడ అప్పలనాయుడి కలలో కనిపించి తన విగ్రహం ఉన్న చోటు చెప్పిందట. చెరువులోంచి పైకి తెచ్చిన ఆ విగ్రహానికే గుడి వెలసింది. రాజుకు చెల్లెలైన మనిషి ఊరికి తల్లి అయింది.

కలతో మొదలైన కొలుపు ఇప్పటికీ కలతోనే కదులుతుంది. సిరిమాను పండక్కి ముందు అమ్మవారు పూజారి కలలో కనిపించి, ఊరేగించే సిరిమానుకు తగిన చింతచెట్టు ఎక్కడుందో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టును వెతికి, పసుపు కుంకుమలతో పూజించి కొడతారు. హుకుంపేటలో దాన్ని పొడవాటి మానుగా చెక్కుతారు. సిరిమానుకు ముందురోజైన తొలేళ్ల రాత్రి రైతులకు విత్తనాలు పంచుతారు. వాళ్లు వాటిని తమ విత్తనాల్లో కలిపి చల్లుకుంటారు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పూజారి మాను చివర కూర్చుంటాడు. ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం నడుస్తుండగా సిరిమాను గుడి నుంచి విజయనగరం కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్లు విసిరి మొక్కు చెల్లించుకుంటారు.

1938లో తల్లి మూలరూపం గురించి ప్రసంగిస్తూ యూంగ్ ఆమెకు గుర్తులుగా లోతైన నీటిని, చెట్టును, దున్నిన చేనును చెప్పాడు. పెద్దచెరువు, చింతమాను, తొలేళ్ల విత్తనం ఆ మూడింటికీ సరిపోతాయి.

సాహిత్యంలో ఈ ఆలోచనను 1934లో మాడ్ బాడ్కిన్ కవిత్వానికి అన్వయించింది. 1957లో నార్త్రాప్ ఫ్రై విమర్శకు చట్రంగా మలిచాడు. ఆ చూపుతో చూస్తే బొబ్బిలి యుద్ధం రెండు రూపాల్లో మిగిలిందని తెలుస్తుంది. జంగాలు పాడిన బొబ్బిలి కథలో ఓడినవారి పక్షాన పాపారాయుడు వీరుడిగా నిలిచాడు. గెలిచినవారి ఇంటి దుఃఖం మాత్రం పాటగా కాక తల్లిగా మారింది. వీరుణ్ని కథ కాపాడింది, తల్లిని కొలుపు కాపాడింది.

నరసన్నపేటకు చేరువలో ఉన్న కోటబొమ్మాళి కొత్తమ్మతల్లికీ ఏటా జాతర జరుగుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో తల్లి పేరు ఊరూరా మారుతుంది. కష్టం వస్తే బిడ్డలా వెళ్లి చెప్పుకునే వరస మాత్రం మారదు. యూంగ్ మూలరూపం అన్నది ఆ మారని వరసనే.