ఖాళీ గొట్టం లెక్క

1986 సెప్టెంబరు 25. పొద్దు వాలుతోంది. ఆఫ్ఘనిస్తాన్‌లోని జలాలాబాద్ విమానాశ్రయానికి కూతవేటు దూరంలో, పొదల చాటున నక్కి ఉన్నారు మీరు. పక్కన సోవియట్ సైన్యంతో పోరాడుతున్న ముజాహిదీన్ కమాండర్ ఇంజినీర్ గఫార్, అతని దళం. భుజాన ఐదడుగుల గొట్టం, పదహారు కిలోల బరువు. పేరు స్టింగర్, విమానాల్ని కూల్చే క్షిపణి. ఇన్నేళ్లూ చైనా నుంచీ ఈజిప్టు నుంచీ సోవియట్ నమూనా ఆయుధాలే వచ్చాయి, ఇచ్చేదెవరో బయటపడకూడదని. ఇది మాత్రం అచ్చంగా అమెరికాది.

సోవియట్ ఎంఐ-24 హెలికాప్టర్లు దిగడానికి వస్తున్నాయి. గురి కుదిరితే గొట్టం సన్నగా కూత పెడుతుంది. అది వినబడేదాకా మీట నొక్కొద్దని రావల్పిండిలోని ఓఝ్రీ క్యాంపులో పాకిస్తాన్ సైనికులు నూరిపోశారు. అక్కడ నేర్చుకున్నదంతా నమూనా యంత్రం మీదే. నిజమైన క్షిపణి పేల్చడం ఇదే మొదలు.

మొదటిది గురి చేరకుండానే రాళ్ల మీద పడింది. గుండె జారిపోతుంది మీకు. తర్వాతవి గురి తప్పలేదు. మూడు హెలికాప్టర్లు కూలాయి. వీడియో తీస్తున్నవాడు గంతులేస్తున్నాడు, కెమెరాలో పడిందల్లా ఊగే ఆకాశం, ఊగే నేల. ఆ వీడియోనే వాషింగ్టన్ చేరి అధ్యక్షుడు రీగన్ కంటపడింది.

ఈ హడావుడిలోనూ గఫార్ మనుషులు ఒక పని మరవలేదు. ఖాళీ గొట్టాలు ఏరుకున్నారు. గొట్టం తిరిగిస్తేనే మరో క్షిపణి, అదీ నియమం. ఇంత పెద్ద యుద్ధంలో అమెరికా చేతిలో మిగిలిన కళ్లెం అదొక్కటే అనిపిస్తుంది నాకు.

డబ్బు లెక్క చూస్తే అగ్రరాజ్యానికి ఇంత చవక బేరం మరోటి దొరకదు. పదేళ్లలో అమెరికా పెట్టింది సుమారు 300 కోట్ల డాలర్లు. సౌదీ అరేబియా డాలరుకు డాలరు కలిపింది. సోవియట్లకు పోయిన సైనికులు దాదాపు 15 వేలు. కానీ ఎవరికెంత పంచాలో తేల్చింది పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్‌ఐ. పెద్ద వాటా పోయింది అమెరికాను బాహాటంగా తిట్టే ముజాహిదీన్ నాయకుడు హెక్మత్యార్‌కు. సొమ్మొకడిది, సోకొకడిది.

1988 ఏప్రిల్ 10, ఉదయం. ఇప్పుడు మీరు రావల్పిండి నుంచి ఇస్లామాబాద్ వెళ్లే దారిలో ఉన్నారు. ఆదివారమే, కానీ అప్పట్లో పాకిస్తాన్‌లో వారపు సెలవు శుక్రవారం. పిల్లలు బడిలో ఉన్నారు, ఆఫీసులు తెరిచారు. ఓఝ్రీ క్యాంపు వైపు నల్లటి పొగ లేచింది. కాళ్ల కింద నేల అదిరింది. ఆఫ్ఘనిస్తాన్‌కు పంపడానికి పోగేసిన రాకెట్లు ఈలలు వేసుకుంటూ రెండు నగరాల మీద కురుస్తున్నాయి. చాలావాటికి ఫ్యూజు బిగించలేదు. కానీ ఆకాశం నుంచి పడే ఇనుము పేలకపోయినా చంపుతుంది. రాజకీయ నాయకుడు ఖాకాన్ అబ్బాసీ ప్రయాణిస్తున్న కారు మీద ఒకటి పడింది, ఆయన చనిపోయారు. మొత్తం సుమారు వంద మంది పోయారు, గాయపడినవాళ్లు వెయ్యికి పైనే. ఈ చావులు వాషింగ్టన్ పద్దుల్లో ఎక్కడా ఖర్చు కింద పడలేదు. చవక బేరం కిటుకు అక్కడుంది.

నాలుగు రోజులకే సోవియట్ సైన్యం వెనక్కి వెళ్లేందుకు జెనీవాలో ఒప్పందాలు. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ జనరల్ గ్రోమోవ్ సరిహద్దు వంతెన దాటి వెళ్లిపోయాడు. స్టింగరే గెలిపించిందని అమెరికాలో చాలామంది చెప్పుకున్నారు. నేనొప్పుకోను. ఈ యుద్ధం రక్తమోడుతున్న పుండని సోవియట్ అధినేత గోర్బచేవ్ ఒప్పుకున్నది 1986 ఫిబ్రవరిలో, జలాలాబాద్‌కు ఏడు నెలల ముందు. చమురు ధర పడిపోయి మాస్కో ఖజానా కుంగిందీ ఆ ఏడే. అయినా సైన్యం వెళ్లాక సోవియట్ డబ్బుతో, ఇంధనంతో కాబూల్ పాలకుడు నజీబుల్లా మూడేళ్లు నెగ్గుకొచ్చాడు. ఆ డబ్బు ఆగిన 1992లో కూలాడు. సొంత సైనికులు పదేళ్లలో చేయలేని పని పంపిన సొమ్ము చేసింది, మాస్కోకు ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది.

అంటే పరాయి చేత యుద్ధం చేయించే అగ్రరాజ్యం దివాలా తీయదు. ఎదుటివాణ్ణి నిజంగానే అలసిపోయేలా చేస్తుంది. పోయేది మరొకటి: తను తయారుచేసిన బలం మీద అదుపు. సీఐఏ చేతి డబ్బు నేరుగా అందుకున్న ముజాహిదీన్ కమాండర్ జలాలుద్దీన్ హక్కానీ మనుషులే 2001 తర్వాత అమెరికన్ సైనికుల మీద బాంబు దాడులు చేశారు. హెక్మత్యార్ కూడా అమెరికాపై జిహాద్ అన్నాడు. ఈసారి వాళ్లతో పోరాడింది అమెరికా సొంత బిడ్డలు.

ఆ గొట్టాల సంగతి? రెండువేలకు పైగా స్టింగర్లు పంచారు, వందల సంఖ్యలో మిగిలిపోయాయి. 1990లలో సీఐఏ వాటిని తిరిగి కొనడం మొదలెట్టింది, ఒక్కోదానికి సుమారు లక్ష డాలర్లు, కొత్తదాని ఖరీదుకు రెట్టింపు పైనే. 1997 నాటికి మీరు కందహార్‌లో ఉన్నారు. తాలిబన్ల దగ్గర యాభైకి పైగా ఉన్నాయి. అమెరికా అధికారి ధర చెప్పాడు, మొత్తం లక్షల డాలర్లు. వాళ్లు తల అడ్డంగా ఊపారు. ఇరాన్‌తో యుద్ధం వస్తే తమకే పనికొస్తాయన్నారు.