కవిలె కట్ట, పిల్లల గీతలు

మూడో తరగతి పిల్లల చేత వీధిలో ఇంటింటికీ తిప్పి లెక్కలు రాయించడం ఈమధ్య పుట్టుకొచ్చిన సరదా అనుకునేవాళ్లు కృష్ణా డెల్టా పాత కాగితాలు కాస్త తిరగేయాలి. లెక్క ఈ నేలకు కొత్త కాదు. ఏ చేలో ఏ పంట వేశారు, ఎంత పారింది, శిస్తు ఎంత అన్నది కరణం అడంగల్లో రాసేవాడు, అంతకు ముందు తాటాకు కవిలెల్లో. వీధిబడి పిల్లవాడు ఇసుకలో అక్షరాలు దిద్ది, ఎక్కాలు వల్లించి, చివరికి పద్దులు రాసేదాకా వచ్చేవాడు. అయితే అవి ఇంకొకరు చెప్పిన పద్దులు. ఫలానాది లెక్కించాలని తేల్చేది సర్కారు, ఊళ్లో తిరిగి అడిగేది కరణం. ఆ పదవి 1984 దాకా నడిచింది కూడా. అందుకే ఇక్కడి సర్వేల చరిత్రలో నాకు కనిపించే అసలు మలుపు ఏమిటంటే, ప్రశ్న చేతులు మారడం.

మొదట పిల్లలే లెక్కకెక్కారు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ప్రెసిడెన్సీలో బడులెన్ని, చదివేవాళ్లెందరు, ఏ కులాలవాళ్లు అని జిల్లా కలెక్టర్లందరినీ అడిగాడు. మచిలీపట్నం కలెక్టరు కూడా పట్టిక నింపి పంపాడు. ఆ పట్టికల్లో ఒక చిక్కుంది. బడుల సంగతి అడిగితే బడుల సంగతే వచ్చింది, ఇంట్లో తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో చదువుకునే పిల్లలు చాలాచోట్ల లెక్కలోకే రాలేదు. మద్రాసు నగరం నుంచి మాత్రం ఇళ్లలో చదివేవాళ్లు 26,900 మందికి పైగా అని వచ్చింది. ఆ అంకె మరీ ఎక్కువని మన్రోకే అనుమానం. అయినా ఇంటి చదువును కొట్టిపారేయలేక, మగపిల్లల్లో చదువు అందేవాళ్లు నాలుగోవంతు కన్నా మూడోవంతుకే దగ్గరగా ఉంటారని 1826లో రాశాడు. ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే జవాబూ అంత ఇరుకేనని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ లెక్కల పుస్తకంలోనూ దొరకదు.

దాదాపు వందేళ్ల తర్వాత ప్రశ్న కాగితం విద్యార్థుల చేతికొచ్చింది. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అర్థశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్, తన విద్యార్థులను వాళ్లకు తెలిసిన ఊళ్లనే సర్వే చేసి రమ్మన్నాడు. 1918లో అచ్చయిన ఆ సర్వేల సంపుటిలో అప్పటి కృష్ణా జిల్లాలోని ఊనగట్ల కూడా ఉంది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు వెళ్లింది. 1930లలో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ల ఆధ్వర్యంలో అవే ఊళ్లను మళ్లీ సర్వే చేసి, మారిందేమిటో పోల్చి చూశారు. ఈలోగా నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా డెల్టా గ్రామాల ఆర్థిక స్థితిగతుల మీద 1926లో బెజవాడలోనే పుస్తకం అచ్చువేశారు. ఊరివాడే ఊరిని అడిగితే అడగాల్సినవి వేరుగా తడతాయి. అన్నీ నిజమే చెబుతారన్న హామీ లేదు, ఆ మాటకొస్తే అప్పు ఎంతుందో పొరుగువాడికి చెప్పడం దొరకు చెప్పడం కన్నా కష్టం.

కాలేజీ నుంచి బడికి దిగడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1993లో దేశమంతటా మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్, పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు జట్టుగా తమ చుట్టుపక్కల సమస్యనే పరిశోధించాలంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ప్రాంతంలో మారిన పరిసరాల విజ్ఞానం పుస్తకాలు ‘సమాచార నైపుణ్యాలు, ప్రాజెక్టు పనులు’ అన్న శీర్షికను ప్రాథమిక తరగతులకే తెచ్చాయి. చిన్నపిల్లల అంకెలను ఎవరు నమ్ముతారని అడగొచ్చు. కలెక్టర్ల అంకెలను గవర్నరే పూర్తిగా నమ్మలేదని పైన చూశాం. పిల్లల లెక్కలో తప్పు దొర్లితే ఇంకో జట్టు మర్నాడు అదే వీధిలో తిరిగి పట్టుకుంటుంది. కులం, ఆదాయం, అప్పు పిల్లలు అడగడమేమిటన్న అభ్యంతరం మాత్రం నేను ఒప్పుకుంటాను. అవి అడగక్కర్లేదు. వీధి కుళాయిలు, చెట్లు, సైకిళ్లు, నీళ్ల టిన్నులు చాలు.

నా ఫిర్యాదు ఇంకొకటి. ‘దత్తాంశ నిర్వహణ’ పాఠం పేరుతో మనం ఎక్కువగా నేర్పుతున్నది పుస్తకంలో ముందే ఇచ్చిన అంకెలకు కమ్మీలు గీయడం. అంటే మళ్లీ ఇంకొకరు చెప్పిన పద్దే. అసలు పని, అంటే ఏం అడగాలో తేల్చుకోవడం, అంతకు ముందే ఉంది. సముద్రం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు, తాగడానికి కాలవతో నింపుకునే మంచినీళ్ల చెరువే దిక్కు. అలాంటి చోట ‘మీరు శుభ్రమైన నీళ్లు తాగుతున్నారా?’ అని అడిగిన పిల్లకు అన్ని ఇళ్లలోనూ ‘ఆఁ’ అనే వస్తుంది. ‘ఇవాళ తాగిన నీళ్లు ఎక్కడివి?’ అని అడిగితే చెరువు, కుళాయి, టిన్ను విడివిడిగా తేలతాయి. నోటుబుక్కులో మూడు గళ్లు, ఇంటికో నిలువు గీత, అయిదో ఇంటికి నాలుగు గీతల మీదుగా ఓ అడ్డగీత. పది ఇళ్లు తిరిగేసరికి ఏ గడి నిండుతోందో లెక్కపెట్టకుండానే కనిపిస్తుంది. కాలవలకు నీళ్లు ఆపేశాక ఎండాకాలంలో అదే వీధికి అదే ప్రశ్నతో మళ్లీ వెళితే గీతలు గళ్లు మారతాయి. ఊనగట్లకు రెండోసారి వెళ్లినవాళ్లు చేసిందీ అదే.