పెద్ద ఫైళ్ల బదిలీ నెమ్మదిస్తే లోపాన్ని గుర్తించడమెలా?

జంషెడ్‌పూర్‌లోని ఉక్కు కర్మాగారాన్ని ఆనుకొని, పొరుగున ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతంలో యంత్రభాగాలు తయారుచేసే చిన్న, మధ్యతరహా యూనిట్లు అనేకం ఉన్నాయి. ఇటువంటి యూనిట్లలో పని మొదలుకావాలంటే డిజైన్ ఫైలు సర్వరు నుంచి యంత్రం వద్దనున్న కంప్యూటరుకు చేరాలి. అది ఆలస్యమైతే యంత్రమూ, దానిని నడిపే కార్మికుడూ ఖాళీగా ఉండవలసిందే.

అటువంటప్పుడు చాలామంది ముందుగా ఇంటర్నెట్ ప్లాన్‌ను మార్చాలనుకుంటారు. అయితే సర్వరు, కంప్యూటరు ఒకే ప్రాంగణంలో ఉంటే ఫైలు సాధారణంగా స్థానిక నెట్‌వర్క్‌లోనే ప్రయాణిస్తుంది. ఇంటర్నెట్ వేగం పెంచినా ఆ బదిలీకి ప్రయోజనం ఉండదు. లోపం ఎక్కడుందో కొలిచి తెలుసుకున్న తరువాతే ఖర్చు చేయడం మేలు.

బిట్లు, బైట్ల లెక్క

నెట్‌వర్క్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు. కాపీ అవుతున్న ఫైలు వేగాన్ని కంప్యూటరు మెగాబైట్లలో చూపుతుంది. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కనుక సెకనుకు 100 మెగాబిట్ల లైనులో అందగల గరిష్ఠ వేగం 12.5 మెగాబైట్లు మాత్రమే. 10 గిగాబైట్ల ఫైలుకు ఆ లైనులో 13 నిమిషాలకు పైగా పడుతుంది. ఒక గిగాబిట్ లైనులో అదే ఫైలు నిమిషంన్నర లోపు చేరగలదు. ఈ లెక్కకు దగ్గరగా వేగం వస్తుంటే లోపం లేనట్లే; లైను సామర్థ్యమే అంత.

వేగం తీరును గమనించండి

కాపీ జరుగుతున్నప్పుడు వేగం మారే తీరు కారణాన్ని సూచిస్తుంది.

• వేగం 11 లేదా 12 మెగాబైట్ల వద్ద నిలకడగా ఉంటే, మార్గంలో ఎక్కడో 100 మెగాబిట్ల లింకు ఉందని అనుమానించాలి. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని 8 తీగలూ పనిచేయాలి. 100 మెగాబిట్లకు 4 తీగలు చాలు. ఒక్క తీగ తెగినా, కనెక్టర్ వదులైనా లింకు 100 మెగాబిట్లకు పడిపోవచ్చు. నెట్‌వర్క్ సెట్టింగులలో లింకు వేగాన్ని చూసి, ముందుగా కేబుల్ మార్చి పరీక్షించాలి.

• మొదట వేగంగా సాగి, కొంతసేపటికి ఒక్కసారిగా తగ్గితే డిస్కును పరిశీలించాలి. ఆరంభంలో డేటా తాత్కాలికంగా మెమరీలో చేరుతుంది. మెమరీ నిండాక డిస్కు అసలు వేగం బయటపడుతుంది.

• వేగం తరచూ పెరుగుతూ, పడిపోతూ ఉంటే వైఫై సిగ్నల్, కేబుల్ లోపాలు చూడాలి. మోటార్లు, వెల్డింగ్ యంత్రాల సమీపంలోని రాగి కేబుళ్లపై విద్యుదయస్కాంత ప్రభావం పడవచ్చు. అటువంటి చోట ఆప్టికల్ ఫైబర్ అనువైనది. రాగి కేబుల్ 100 మీటర్లకు మించరాదు.

• రోజూ ఒకే వేళకు నెమ్మదిస్తుంటే, ఆ సమయంలో సర్వరులో బ్యాకప్ లేదా యాంటీవైరస్ తనిఖీ నడుస్తున్నదేమో చూడాలి.

మార్గాన్ని, డిస్కును వేరుగా పరీక్షించాలి

ఐపెర్ఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండు కంప్యూటర్ల మధ్య నెట్‌వర్క్ వేగాన్ని డిస్కుతో సంబంధం లేకుండా కొలుస్తుంది. ఇందులో మంచి వేగం వచ్చి, ఫైలు కాపీ మాత్రం నెమ్మదిస్తే లోపం డిస్కులోనో, సాఫ్ట్‌వేర్‌లోనో ఉన్నట్లు. ఇందులోనూ వేగం తక్కువైతే కేబుల్, స్విచ్, నెట్‌వర్క్ కార్డులను ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

వేల సంఖ్యలో చిన్న ఫైళ్లు ఉన్నప్పుడు ఒక్కొక్కదానిని తెరవడానికి, అనుమతి సరిచూడడానికి, మూయడానికి సమయం పడుతుంది. వాటన్నిటినీ ఒకే జిప్ ఫైలుగా కట్టి పంపితే ఈ జాప్యం బాగా తగ్గుతుంది.

దూరప్రాంతాలకు పంపేటప్పుడు

జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలు పెళ్లి వీడియోలను విశాఖపట్నంలోని బంధువులకు పంపినా, కార్యాలయాలు వేరే నగరంలోని సర్వరు నుంచి ఫైళ్లు తెచ్చుకున్నా పరిస్థితి వేరుగా ఉంటుంది. ఇక్కడ ఇంటర్నెట్ ప్లాన్ ముఖ్యమే. పంపేవారి అప్‌లోడ్ వేగం, అందుకునేవారి డౌన్‌లోడ్ వేగం, ఈ రెండింటిలో తక్కువదే బదిలీకి హద్దు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. టీసీపీ విధానంలో, డేటా అందినట్లు సమాధానం వచ్చేలోగా పంపగల పరిమాణానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు 64 కిలోబైట్లయి, సమాధానం రావడానికి 40 మిల్లీసెకన్లు పడితే, లైను ఎంత పెద్దదైనా వేగం సెకనుకు సుమారు 1.6 మెగాబైట్లకు మించదు. ఈ హద్దును పెంచే పద్ధతి 1992లో ప్రామాణికమైంది. నేటి కంప్యూటర్లలో అది సహజంగానే ఉంటుంది. అయితే పాత పరికరాలు, కొన్ని ఫైర్‌వాల్ సెట్టింగులు దానికి అడ్డుపడవచ్చు. ఫైలును ఏకకాలంలో అనేక పాయలుగా పంపే సాఫ్ట్‌వేర్ వాడితే ఫలితం మెరుగవుతుంది.

మధ్యలో ఆగిపోతే

కరెంటు పోయి బదిలీ ఆగితే మళ్లీ మొదటినుంచి పంపనక్కరలేదు. లినక్స్‌లో ఆర్‌సింక్, విండోస్‌లో రోబోకాపీ తగిన ఆప్షన్లతో వాడితే ఆగిన చోటినుంచి కొనసాగిస్తాయి. చేరిన ఫైలు అసలుదానితో సరిపోయిందో లేదో ఎస్‌హెచ్‌ఏ-256 విలువలు పోల్చి నిర్ధారించుకోవాలి. ఆలస్యంగా వచ్చిన డిజైన్ వల్ల ఒక పూట పని ఆగుతుంది. సగమే చేరిన డిజైన్‌తో పని మొదలుపెడితే లోహమూ, శ్రమా రెండూ వృథా అవుతాయి.